నాలుగు డిగ్రీల తేడా

అక్టోబరు 6

అన్నయ్యా,

నీ గది ఖాళీ చేసేశాను. ఇంటావిడ రెండు రోజులు గడువిచ్చి, మూడో రోజు పొద్దున్నే గుమ్మంలో నిలబడి గడియారం చూసుకోవడం మొదలుపెట్టింది. బట్టలు ఒక పెట్టెడు, పుస్తకాలు రెండు అట్టపెట్టెలు, ఆ కుంటి కుర్చీ. అన్నీ మా ఇంటికి చేర్చాను. కుర్చీకి దారిలో రెండో కాలు కూడా దెబ్బతింది, దాంతో ఇప్పుడు సమంగా నిలబడుతోంది.

ఇక మిగిలింది నీ సంసారం. ఆ గాజు పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. పక్కన కూర్చున్న పెద్దాయన "ఏంటమ్మా అది?" అన్నాడు. "మా అన్నయ్య పెంచుకునే చీమలండి" అన్నాను. ఆయన లేచి వెళ్లి, దిగేదాకా నిలబడే ఉన్నాడు. సీట్లు ఖాళీగా ఉన్నా సరే.

వడ్రంగి చీమలు అనేవాడివి. చెక్కలో గూడు తొలుచుకుంటాయి కాబట్టి ఆ పేరట, నీ నోటుపుస్తకంలో చదివాను. నల్లగా, ఒక్కోటి నా చిటికెనవేలి గోరంత ఉంది. మూత తియ్యాలంటే ఒళ్లు జలదరిస్తోంది. అయినా నువ్వు ఎనిమిదేళ్లు పెంచుకున్నవి, పారబొయ్యలేను కదా. కిటికీ దగ్గర ఎండ తగిలేచోట పెట్టాను, వెచ్చగా ఉంటాయని. ఎన్ని డిగ్రీల్లో ఉంచాలో ఒక అంకె రాసి పంపు, అలాగే ఉంచుతాను.

వకీలుతో మాట్లాడాను. అప్పీలు ఫిబ్రవరిలో విచారణకు వస్తుందట. డెయిరీలో పాలు కాచే యంత్రానికి ఉన్న థర్మామీటరు పాడైందనీ, ఆ సంగతి నీకెవరూ చెప్పలేదనీ, అదే మన పట్టు అన్నాడు. బడికి పంపిన సీసా పాలు తాగి పదకొండు మంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు, ఒకడు పోయాడు. ఎవరో ఒకరి మెడకు చుట్టాలి కదా, యంత్రం ముందు నిలబడ్డవాడివి నువ్వు దొరికావు. నీ మీద నాకున్న నమ్మకం ఏ కోర్టూ తీసెయ్యలేదు.

వచ్చే నెల మొదటి గురువారం జైలుకు ములాఖత్‌కి వస్తాను.

నీ పిచ్చుక


అక్టోబరు 13

పిచ్చుకా,

ఈ ఉత్తరం అందగానే, చెప్పులు కూడా విప్పకుండా వెళ్లి ఆ పెట్టెను కిటికీ దగ్గర నుంచి తీసెయ్. గాజు మీద ఎండ పడితే లోపల అరగంటలో నలభై దాటుతుంది. ముప్పై దాటితేనే జాగ్రత్తపడాలి. ముప్పై అయిదు దగ్గర చావడం మొదలవుతుంది.

ఒక అంకె అడిగావు. ఒక అంకె చాలదు. గూడుకు ఒక పక్క వెచ్చగా, ఒక పక్క చల్లగా ఉండాలి. నా పెట్టెలో తీగలాంటి హీటరు ఉంటుంది, దాన్ని ఒక అంచుకే ఆనించు. ఆ పక్క ఇరవై ఆరు, ఇరవై ఏడు. రెండో పక్క ఇరవై రెండు. ఎక్కడుండాలో అవే తేల్చుకుంటాయి. పిల్లల్ని నోట కరుచుకుని వెచ్చటి పక్కకు మోసుకెళతాయి, మరీ వేడెక్కితే వెనక్కి తెచ్చుకుంటాయి. గూడంతా ఒకే వేడిలో ఉంచితే పారిపోవడానికి వాటికి చోటుండదు.

థర్మామీటరు గోడకు తగిలించకు. దాని మొన గూడులో ఉండాలి. మనక్కావలసింది గదిలో వేడి కాదు, చీమ దగ్గర వేడి. గాజు గొట్టంలో నీళ్లు, నోటికి దూది. దూది ఎండనివ్వకు. తేనె చుక్క, వారానికి రెండు పురుగులు.

నవంబరు చివర్లో చలి నిద్ర. ఎనిమిది నుంచి పది డిగ్రీల చల్లదనంలో మూడు నెలలు ఉంచాలి. ఆ నిద్ర లేకపోతే రాణి నీరసించిపోతుంది.

ములాఖత్‌కి రాకు. దూరం. నీ పని పాడవుతుంది.

అన్నయ్య


నవంబరు 10

అన్నయ్యా,

రావద్దన్నా వచ్చాను. మూడు బస్సులు మారి, సంచి విప్పి చూపించి, చెప్పులు విప్పి చూపించి, రెండు గంటలు బెంచీ మీద కూర్చున్నాక గార్డు వచ్చి "ఆయన రానన్నాడమ్మా" అన్నాడు. నా పక్కన కూర్చున్న ముసలమ్మ జాలిగా చూసింది. తల కొట్టేసినట్టయింది. చీమల్ని ఎండలో పెట్టానని ఇంత కోపమా? ఆ వారమంతా మబ్బే, ఒక్కటీ చావలేదని అప్పుడే కార్డు రాశాను కదా!

అవి బాగున్నాయి. నువ్వు చెప్పినట్టే పెట్టాను. పిల్లలన్నిటినీ హీటరు పక్కకు మోసుకెళ్లి కుప్పపోశాయి. పెద్ద తలకాయలున్నవి నాలుగైదు ఉన్నాయి చూడు, అవి ఏ పనీ చెయ్యకుండా గుమ్మం దగ్గర నిలబడుతున్నాయి. వాటికి మా షాపు యజమాని పేరు పెట్టాను. ఆయన కూడా అంతే, కళ్లద్దాలు అరగదీసేది నేను, గుమ్మం దగ్గర నిలబడి మీసం దువ్వుకునేది ఆయన.

ఆ పోయిన పిల్లాడి తల్లి కనపడింది. బస్టాండులో టికెట్లిచ్చే కిటికీలో పనిచేస్తోంది. నన్ను చూసి చూపు తిప్పుకుంది. తీర్పు రోజు కోర్టు వరండాలో ఆవిడతో నేనన్నదాంట్లో తప్పేముంది? "మీ అబ్బాయిని చంపింది మా అన్నయ్య కాదు, కంపెనీ. వెళ్లి వాళ్ల మీద ఏడవండి" అన్నాను. ఇంకోసారి ఎదురైతే ఇంకోసారి అంటాను.

ధైర్యంగా ఉండు.

నీ పిచ్చుక


నవంబరు 17

పిచ్చుకా,

నాకు నీ మీద కోపం లేదు. రాలేను, అంతే.

ఆవిణ్ణి ఏమీ అనకు. ఆవిడ జోలికి వెళ్లకు. ఇది మాత్రం చెవిన పెట్టు.

అప్పీలు వద్దులే అనిపిస్తోంది. ఇక్కడ వంటశాలలో పని ఇచ్చారు. రోజు గడిచిపోతోంది. వకీలుకు చెప్పి ఆపించు.

చీమలకు పురుగులు వెయ్యడం ఇక ఆపి తేనె మాత్రం పెట్టు. కడుపు ఖాళీ అయ్యాకే నిద్రకు వెళ్లాలి. నెలాఖరున చల్లటిచోట పెట్టు.

అన్నయ్య


డిసెంబరు 8

అన్నయ్యా,

ఎలా రాయాలో తెలియక వారం నుంచి కాగితం ముందేసుకుని కూర్చుంటున్నాను. చల్లటిచోట పెట్టమన్నావు. మా ఇంట్లో చల్లటిచోటంటే ఫ్రిజ్జే. నెలాఖరు రాగానే హీటరు తీసేసి, పెట్టెను తీసుకెళ్లి ఫ్రిజ్‌లో వెనక్కంటా తోసేశాను. మూడో రోజు చూస్తే వెనక గోడ మీద మంచు పేరుకుని ఉంది, పెట్టె దానికి ఆనుకుని ఉంది. ఆ పక్కనున్నవి కాళ్లు ముడుచుకుని గట్టిపడిపోయాయి. బల్ల మీద కాగితం పరిచి లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. మిగతావి రాణి చుట్టూ ముద్దగా చేరి కొద్దికొద్దిగా కదులుతున్నాయి.

వాటిని చూస్తే ఒళ్లు జలదరించేదన్నాను. ఇప్పుడు వాటికోసం ఏడ్చానంటే నవ్వుతావు.

పెట్టెను ఇంటి బయట మెట్ల కింద అరలోకి మార్చాను. మన కొండ ఊరి చలికి అక్కడ గాలి చల్లగానే ఉంది. కానీ ఎంత చల్లగా ఉందో తేలడం లేదు. నీ థర్మామీటరు ఎనిమిది చూపిస్తోంది, అనుమానమొచ్చి కొత్తది కొని పెడితే అయిదు చూపిస్తోంది. ఎనిమిదైతే క్షేమం, అయిదైతే అంచు మీద ఉన్నట్టు. దేన్ని నమ్మను?

అప్పీలు ఆపే ప్రసక్తే లేదు. నీకు ధైర్యం సన్నగిల్లితే నా దగ్గరున్నది వాడుకో. వకీలు అన్నాడు, థర్మామీటరు తప్పని నీకు తెలిసే అవకాశమే లేదని నిరూపిస్తే చాలట.

నీ పిచ్చుక


డిసెంబరు 15

పిచ్చుకా,

తప్పు నాది. చల్లటిచోట అని రాశాను, ఎలా చల్లబరచాలో రాయలేదు. రోజుకు రెండు మూడు డిగ్రీలకు మించి తగ్గించకూడదు. అరకు మార్చడం మంచి పని. పోయినవాటి గురించి బాధపడకు. రాణి ఉంటే గూడు నిలబడుతుంది.

రెండు థర్మామీటర్లు రెండు మాటలు చెబితే, ఏది మనకు అనుకూలంగా చెప్పిందో దాన్ని నమ్మబుద్ధవుతుంది. అలా నమ్మకు. మంచుముక్కలు దంచి గ్లాసు నిండా వేసి, తడిసేంత చల్లటి నీళ్లు పొయ్యి. రెండిటి మొనలూ గ్లాసు మధ్యలో, అడుగుకీ అంచుకీ తగలకుండా పెట్టి, అయిదు నిమిషాలు కలుపుతూ ఉండు. సున్నా చూపించింది సరైనది. తేడా చూపించినదానికి ఎంత తేడా ఉందో కాగితం మీద రాసి అంటించు. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. పనిలో ఇరవై రెండేళ్లు అలాగే చూసుకున్నాను.

అన్నయ్య


జనవరి 5

అన్నయ్యా,

ఈసారి నిలబడే రాస్తున్నాను, కూర్చుంటే కాలు నిలవడం లేదు!

ముందు చీమలు. మంచు పరీక్ష చేశాను. నీ థర్మామీటరే సరైనది, కొత్తది మూడు తక్కువ చూపిస్తోంది. అంటే ఎనిమిదే. అన్నీ కదలకుండా పడుకున్నాయి. నీళ్లు మాత్రం చూస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న షాపుకి ఒకావిడ చత్వారం అద్దాలకు వచ్చింది. బిల్లు మీద నా పేరు పక్కన మన ఇంటిపేరు చూసి, "ఆ డెయిరీలో చేసినాయన మీకేమవుతాడమ్మా?" అంది. మా అన్నయ్య అన్నాను. డెయిరీలో సీసాలు కడిగే పని చేసేదట. నీ గురించి మంచిగా చెప్పింది. మాటల్లో అంది కదా, "ఆ గొడవకు మూడు రోజుల ముందు, బుధవారం అనుకుంటా, నా బకెట్లో మంచు పట్టుకెళ్లి ఆ యంత్రంలో వేడి చూసే కడ్డీ ముంచి చూశాడమ్మా. చూసి, చాలాసేపు అలాగే నిలబడ్డాడు. అంత జాగ్రత్త గల మనిషికి ఇలా రాసిపెట్టి ఉంది" అని.

అన్నయ్యా, నీకు తెలుసు! థర్మామీటరు తప్పని నువ్వు కనిపెట్టావు! కనిపెట్టావంటే చెప్పకుండా ఉండవు. మీ సూపర్‌వైజరు, కోర్టుకొచ్చిన ఆ పొడుగాయన, ఆయనకు చీటీ రాసి ఇచ్చుంటావు. ఆయన చింపేసి ఉంటాడు. కోర్టులో నాకేమీ తెలియదని ఎందుకన్నావు? ఎవరు బెదిరించారు? ఆ పొడుగాయనకు చిన్నపిల్లలున్నారని జాలిపడ్డావా? నీ సంగతి నాకు తెలియదా, చిన్నప్పుడు నేను పగలగొట్టిన గాజు కూజా నేరం నీ మీద వేసుకుని దెబ్బలు తిన్నావు.

వకీలు ఎగిరి గంతేశాడు. చీటీ నకలు ఉంటే అప్పీలు మనదేనన్నాడు. అది ఎక్కడుంది? వెంటనే రాయి.

నీ పిచ్చుక


జనవరి 12

పిచ్చుకా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వంత సంతోషంగా రాసి ఎన్నాళ్లయిందో. అందుకే జవాబు రాయడానికి చెయ్యి రాలేదు.

చీటీ లేదు. పొడుగాయన చింపలేదు. నేను రాయలేదు.

జరిగింది చెబుతాను. షిఫ్టు అయ్యాక ఆ యంత్రం విప్పి, ప్లేట్లకు కట్టిన పాల గారను సోడా నీళ్లతో రుద్ది కడగాలి. మామూలుగా మూడు గంటల పని. ఆ వారం గంటలో అయిపోయింది. గార పట్టడమే లేదు. పాలు సరిగ్గా కాగకపోతేనే అలా అవుతుందని నాకు తెలుసు. అందుకే బుధవారం మంచు తెప్పించి చూశాను. సున్నా చూపించాల్సిన చోట నాలుగు చూపించింది. అంటే పాలు కాగాల్సిన డెబ్బై రెండు అని చూపిస్తున్నప్పుడు పాలు అరవై ఎనిమిది దగ్గరే ఉన్నాయి.

ఏం చెయ్యాలో కూడా తెలుసు. మీట తిప్పి డెబ్బై ఆరు మీద పెట్టాలి. ఎవరినీ అడగక్కర్లేదు, క్షణం పట్టదు. పొడుగాయనకు చెప్పినా యంత్రం ఆపేవాడే, చెడ్డవాడు కాదు. ఏటా మార్చే కొత్త కడ్డీ ఎలాగూ సోమవారం వస్తోంది, నాలుగు రోజుల్లో ఏం కొంప మునుగుతుంది అనుకున్నాను. అలా అనుకున్నానని నాకు నేను చెప్పుకుంటున్నాను. నిజానికి, రెండు గంటలు మిగులుతున్నాయి కదా అనుకున్నాను. అంతే. నన్నెవరూ బెదిరించలేదు. నేనెవరినీ కాపాడలేదు.

ఆ రెండు గంటలు ఏం చేశానో కూడా చెప్పాలి. త్వరగా గదికొచ్చి చీమల ముందు కూర్చున్నాను. అవి చలి నిద్ర లేస్తున్న రోజులు. రోజుకు రెండు డిగ్రీలు పెంచుతూ, మూడు థర్మామీటర్లు పెట్టి చూసుకున్నాను. ఒక్క చీమ కూడా చావలేదు.

నీ ముఖం చూస్తే చెప్పేస్తానని ములాఖత్‌కి రాలేదు. నువ్వు నమ్ముతున్నావు కదా, నమ్మనీ అనుకున్నాను. అది కూడా నా సుఖం కోసమే. ఈ ఉత్తరం నీకంటే ముందు ఇక్కడి గుమాస్తా చదువుతాడు. చదవనీ. అప్పీలు వద్దని నేనే అర్జీ పెట్టుకున్నాను. వకీలుకు ఇది చూపించు.

అన్నయ్య


జనవరి 26

అన్నయ్యా,

వకీలుకు చూపించాను. చదివి, మడిచి, నా చేతికిచ్చి, కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

అది అందిన రోజు ఆ గాజు పెట్టె తీసి మెట్ల మీద నుంచి విసిరెయ్యాలనిపించింది. చేతుల్లోకి కూడా తీసుకున్నాను. అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దగా పడుకుని ఉన్నాయి. మళ్లీ అరలో పెట్టేశాను. ఇది నిన్ను క్షమించడం అనుకోకు.

తరవాత ఆ పిల్లాడి తల్లి ఇంటికి వెళ్లాను. వెళ్లొద్దన్నావు, తెలుసు. నువ్వు చెప్పినవన్నీ విని ఇక్కడిదాకా వచ్చాను. రెండో అంతస్తు, సాయంత్రం నాలుగైంది. ఆవిడ బట్టలు మడతపెడుతోంది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నిలబడే నీ ఉత్తరం మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాను.

అయ్యాక, "రెండు గంటలా?" అంది.

"అవునండి" అన్నాను.

చేతిలో ఉన్న తువ్వాలు మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది. "వాడికి పాలంటే పడదు. సీసా పక్కవాడికి ఇచ్చేసేవాడు. ఖాళీ సీసా నాకు చూపిస్తేనే ఆడుకోవడానికి పంపేదాన్ని. వాడు పోయినప్పటి నుంచి నేనే తాగించానని..." అని ఆపేసింది.

కోర్టు వరండాలో అన్న మాటకు క్షమించమన్నాను. తల దించుకుని ఆవిడ కాళ్ల వంక చూస్తూ అడిగాను. ఆవిడేమందో తెలుసా? "ఆ రోజు ఎవరేమన్నారో నాకేమీ వినపడలేదమ్మా. నువ్వు ఏమన్నావు?" అంది. నేను మళ్లీ చెప్పలేకపోయాను.

నిన్ను చూడాలంటోంది. ఒక్క మాట అడగాలట. ఏమిటని నేను అడగలేదు. ఫిబ్రవరి మొదటి గురువారం వస్తుంది, ఒక్కతే. నువ్వు బయటికి రావాలి. ఒంట్లో బాగాలేదని, పనుందని ముఖం చాటేశావంటే నీకు చెల్లెలు లేదనుకో.

మార్చిలో చీమల్ని ఎలా లేపాలో అంకెలు రాసి పంపు. వేరే ఏమీ రాయొద్దు.


ఫిబ్రవరి 7

చెల్లీ,

మార్చి మొదటి వారంలో మొదలుపెట్టు. ఎనిమిది నుంచి రోజుకు రెండు చొప్పున ఇరవై దాకా. అక్కడ మూడు రోజులు ఆపు. తరవాత ఒక పక్క మాత్రమే హీటరు, ఇరవై ఆరు. మొదట నీళ్లు, తరవాత తేనె, అవి బయట తిరగడం మొదలుపెట్టాకే పురుగులు. థర్మామీటరును ముందుగా మంచులో పెట్టి చూసుకో.

వేరే ఏమీ రాయొద్దన్నావు. కానీ ఇది నీకు తెలియాలి.

నిన్న ఆవిడ వచ్చింది. నేను వెళ్లాను. ఇనప జాలీకి అటు ఆవిడ, ఇటు నేను. చేతులు జోడించబోతే "దించండి" అంది. దించాను.

"మీకు తెలిసింది ఏ రోజు?" అంది.

"బుధవారమండి. మధ్యాహ్నం."

జాలీ ముందున్న చెక్క మీద చెయ్యి పెట్టి బొటనవేలు మడిచింది. "గురువారం వాడు తాగలేదు. పక్కవాడికిచ్చాడని టీచరు చీటీ పంపింది. సాయంత్రం బాగా కోప్పడ్డాను." చూపుడు వేలు మడిచింది. "శుక్రవారం తాగాడు. ఖాళీ సీసా తెచ్చి చూపించాడు."

మూడో వేలు, శనివారానిది, అలాగే ఉంది. దాన్నే చూస్తూ ఉంది.

నేను ఏదో అనబోయాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. టైమైందని గార్డు అన్నాడు. ఆవిడ కదల్లేదు. గార్డు రెండోసారి అనకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

లేచేటప్పుడు, "వచ్చే గురువారం మళ్లీ వస్తాను" అంది. ఎందుకని అడగలేదు. వస్తానన్నాను.

అన్నయ్య